తుపాను వార్త – పంచాయతీ కర్తవ్యము

(విజయవాడలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీలో కొందరు దివిసీమనుండి, కొందరు బందరు, కైకలూరు ప్రాంతములనుండి, మరికొందరు బాపట్ల, రేపల్లె వైపునుండి వచ్చియున్నారు. దారి పొడవునను కాలువలను, వరిచేలను చూచుచు వచ్చియుందురు. మన డెల్టాకు అన్నము పెట్టునది నీరే. ఏండ్ల తరబడి మనము కూడబెట్టినదానిని ఒక్క రాత్రిలో ఊడ్చుకొనిపోవునదియు నీరే. ఆ నీరు సముద్రమునుండి మీదికి వచ్చుటకు ముందు గాలి దానికి దారి చూపును. కావున గాలిని గూర్చియు, దాని వార్తను గూర్చియు, ఆ వార్త చేరిన తరువాత పంచాయతీ చేయవలసిన పనిని గూర్చియు నేడు కొన్ని మాటలు మనవి చేయదలచితిని.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ శనివారము. వరి కోతలకు వచ్చియున్నది. ఆనాటి సాయంకాలము దివిసీమమీద సముద్రము లేచి పడినది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలోని గ్రామములను ఉప్పెన ముంచివేసినది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి అను పేర్లు చెప్పిన నేటికిని పెద్దల కన్నులు చెమర్చును. ప్రభుత్వ లెక్కల ప్రకారమే మృతుల సంఖ్య పదివేల వరకు పోయినది. అంతకంటె ఎక్కువని చెప్పువారును కలరు. పశువులు లక్షల సంఖ్యలో చచ్చినవి. తంతి తీగెలు తెగి, బాటలు మునిగి, ఆ దుర్వార్త బయటి లోకమునకు వెంటనే తెలియుటకును వీలు లేకపోయినది.

ఈ సంగతి మిమ్ము భయపెట్టుటకు చెప్పలేదు. ఆ రోజు మన కొక పాఠము నేర్పినది. దానిని గ్రహించినవారు పిమ్మట వేలకొలది ప్రాణములను నిలుపగలిగిరి. ఆ పాఠమేదో క్రమముగా చూతము.

సుడిగాలి వేరు, తుపాను వేరు

మొదట ఒక సందేహమును తీర్చుకొనవలెను. వేసవిలో ఎండిన చేలలో దుమ్మును, ఆకులను గిర్రున త్రిప్పుచు పోవు గాలిని మనము సుడిగాలి యందుము. అది నేల వేడెక్కుటవలన పుట్టును; కొద్ది నిమిషములలో అణగిపోవును. దానివలన పెద్ద ప్రమాదము లేదు.

పత్రికలలో ‘టోర్నడో’ అని చదువుచున్నది ఇంతకంటె ఎన్నో రెట్లు భయంకరమైనది. అది గొప్ప ఉరుముమేఘము అడుగునుండి ఏనుగు తొండమువలె నేలకు దిగును. దాని వెడల్పు సాధారణముగా కొన్ని వందల గజములే, ఆయుర్దాయము నిమిషములలోనే. కాని దానిలోని గాలి ఒక్కొకప్పుడు గంటకు 300 కిలోమీటర్లను మించును. నేలమీది వెచ్చని తేమగాలిపై చల్లని పొడిగాలి వచ్చి చేరి, ఎత్తుకు పోయినకొలది గాలి దిక్కును, వేగమును మారుచున్నపుడు ఇట్టి మేఘము తనలో తాను తిరుగ నారంభించును. అమెరికా దేశపు మధ్య మైదానములలో ఇవి తరచు. మన ఉపఖండమున మార్చి మొదలు మే వరకు వంగదేశపు ప్రాంతములలో అప్పుడప్పుడు సంభవించును. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశములో వచ్చిన టోర్నడోవలన వెయ్యిమందికి పైగా చనిపోయిరి. 2024 మార్చి 31న పశ్చిమ బెంగాలులోని జల్పాయిగుడి జిల్లాలో ఇట్టి గాలియే ఇండ్లను నేలమట్టము చేసినది.

మన తెలుగునాట టోర్నడో అరుదు. అయినను మన ఆకాశమునకు ఆ శక్తి లేదనుకొనరాదు. 2024 ఆగస్టు 31న తెలంగాణలోని ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో కొద్దిసేపటిలోనే సుమారు 50 వేల చెట్లు కూలిపోయినవి. అది సుడి తిరిగిన గాలియా, మేఘమునుండి నిలువున క్రిందికి విరుచుకొనిపడిన గాలియా అని నిపుణులు చర్చించిరి. ఏదైనను, ఉరుముమేఘమునకు ఎంత బలముండునో దానివలన తెలిసినది.

ఉరుముమేఘము ఎచట ఎప్పుడు విరుచుకొనిపడునో రోజుల ముందు చెప్పుట సాధ్యము కాదు. రాడారులో చూచి రెండు మూడు గంటల ముందు మాత్రము హెచ్చరింపవచ్చును. కావున పొలములో పనిచేయువారు ఒక కొండగుర్తును ఎరిగియుండవలెను. మెరుపు కనబడినది మొదలు ముప్పది లెక్కించులోపల ఉరుము వినబడినచో పిడుగు మన దాపునకు వచ్చినదని అర్థము. వెంటనే పని మాని పక్కా ఇంటిలోనికి పోవలెను. ఒంటరి చెట్టుక్రిందను, చెరువుగట్టునను, కరెంటు స్తంభము దగ్గరను నిలువరాదు. గాలి తీవ్రముగా ఉన్నచో కిటికీలకు దూరముగా, ఇంటి నడిమి గదిలో, తల కాపాడుకొని కూర్చుండవలెను.

ఇక తుపాను సంగతి. టోర్నడో కొన్ని వందల గజములు. తుపాను వందల కిలోమీటర్లు. దాని ఆయువు నిమిషములు కాదు, దినములు. దానిని ముందుగా చూడవచ్చును; ముందుగా చెప్పవచ్చును. కృష్ణా డెల్టా ప్రజలకు నిజమైన శత్రువు ఇదియే. దీనినుండి తప్పించుకొనుటకు కావలసినంత గడువును ప్రకృతియే మనకు ఇచ్చుచున్నది.

తుపాను ఎట్లు పుట్టును?

పొయ్యిమీద అన్నము ఉడుకుచున్నపుడు ఆవిరి మూతకు తగిలి నీటిబొట్లగును. ఆవిరి నీరుగా మారునపుడు తాను మోసికొనివచ్చిన వేడిని అచటనే విడిచిపెట్టును. ఆవిరి సోకిన చేయి బొబ్బలెక్కుటకు కారణమిదియే. బంగాళాఖాతములో జరుగునదియు ఇట్టిదే.

సముద్రపు పైనీరు 26, 27 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి, ఆ వెచ్చదనము సుమారు 50 మీటర్ల లోతువరకు ఉన్నపుడు, నీటినుండి ఆవిరి విస్తారముగా లేచును. అది పైకి పోయి మేఘమై నీరుగా మారినపుడు వేడిని విడుచును. ఆ వేడికి పైగాలి తేలికయై ఇంకను పైకి లేచును. క్రింద పీడనము తగ్గును. తగ్గినచోటికి నలువైపులనుండి గాలి పరుగెత్తును. భూమి తన చుట్టు తాను తిరుగుచున్నందున ఆ గాలి తిన్నగా పోలేక ప్రక్కకు ఒరిగి సుడియగును. భూమధ్యరేఖకు ఉత్తరమున ఉన్న మనకు ఆ సుడి గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగా తిరుగును. వచ్చిన గాలి మరింత ఆవిరిని తెచ్చును. ఆవిరి మరింత వేడిని ఇచ్చును. ఇట్లు తుపాను తన బలమును సముద్రమునుండి తానే సంపాదించుకొనును. నేలమీదికి వచ్చిన పిదప ఆ ఆహారము దొరకక క్రమముగా నీరసించును.

గాలి వేగమునుబట్టి దీనికి పేరు మారుచుండును. మొదట అల్పపీడనము. గంటకు 31 కిలోమీటర్లు మొదలు వాయుగుండము. 50 మొదలు తీవ్ర వాయుగుండము. 62 మొదలు తుపాను. 89 మొదలు తీవ్ర తుపాను. 118 దాటినచో అతి తీవ్ర తుపాను. 222 కిలోమీటర్లకు చేరినదానిని మహా తుపాను అందురు. మన తీరమునకు ముఖ్యముగా రెండు ఋతువులలో ఈ బెడద కలదు. వర్షాకాలమునకు ముందు ఏప్రిల్, మే నెలలు. దాని తరువాత అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. రెండవది వరి చేతికి వచ్చు కాలమగుటచే మనకు మరింత కష్టము.

బలమైన తుపాను నడుమ ‘కన్ను’ అను ప్రశాంతస్థలము ఉండును. అది మన ఊరిమీదుగా పోవునపుడు గాలి ఆగి, ఒక్కొకప్పుడు ఆకాశము కూడ తేటపడును. గండము గడచినదని తలచి బయటికి వచ్చినవారు మోసపోవుదురు. కొంతసేపటికే అంతటి గాలియు ఎదురు దిక్కునుండి విరుచుకొనిపడును.

గాలికంటె నీరు ప్రమాదము

ఇప్పుడు 1977వ సంవత్సరపు పాఠమునకు వత్తము. నాటి తుపాను కేంద్రము తీరము దాటినది చీరాల ప్రాంతమున. అత్యధిక జననష్టము జరిగినది దివిసీమలో. రెండింటికిని మధ్య డెబ్బది ఎనుబది కిలోమీటర్ల దూరము కలదు. కేంద్రము అచట దాటగా చావు ఇచటికి ఏల వచ్చినది?

గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగునని చెప్పితిని. తుపాను సముద్రమునుండి మనవైపు వచ్చుచుండగా, దాని కుడివైపున గాలి సముద్రమునుండి భూమిమీదికి వీచును. ఎడమవైపున భూమినుండి సముద్రముమీదికి వీచును. కుడివైపున తుపాను నడకయు గాలి వేగముతో కలిసి బలము హెచ్చును. చీరాలవద్ద దాటిన తుపానునకు దివిసీమ కుడిప్రక్కన ఉన్నది. సముద్రజలమును గాలి అంతటిని ఆ ఒడ్డుమీదికి త్రోసినది. ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లని లెక్కవేసిరి. ఒక నిలువు తాటాకు ఇంటిని పూర్తిగా ముంచివేయుటకు అది చాలును.

పీడనము తగ్గుటవలన కూడ సముద్రము కొంత ఉబ్బును. కాని ఒక మిల్లీబారు తగ్గినచో లేచునది ఒక్క సెంటీమీటరే. ఉప్పెనలో పెద్ద భాగము గాలి త్రోసిన నీరే. తీరమువద్ద సముద్రము లోతు తక్కువగా ఉన్నచో ఆ నీరు క్రిందికి పోవుటకు చోటు లేక పైకి లేచును. డెల్టా భూములు సముద్రమట్టమునకు ఇంచుమించు సమముగా ఉండుటచే ఆ నీటికి అడ్డు లేదు. అదే సమయమున పోటు కూడ వచ్చినచో చెప్పనక్కరలేదు.

కావున ‘తుపాను ఫలానిచోట దాటునట, మనకేమి భయము’ అను మాట ఏ సభ్యుని నోటను రారాదు. దాటుచోటికి కుడిప్రక్కన, అనగా మన తీరములో ఈశాన్య దిక్కున ఉన్న గ్రామములవారు మొదట మేలుకొనవలెను. గాలికి వీపు పెట్టి నిలిచినచో తుపాను కేంద్రము మన ఎడమచేతివైపున ఉండునని నావికులు ఎరుగుదురు. ఈశాన్యపు గాలి తూర్పునకును, అటుపిమ్మట ఆగ్నేయమునకును మరలుచున్నచో, కేంద్రము మనకు దక్షిణముగా పోవుచున్నదనియు, సముద్రము మనమీదికి రాగలదనియు గ్రహింపవలెను. అయితే ఇది తెలిసికొనుటకొరకు ఒడ్డున నిలిచి చూడరాదు. అంతవరకు ఆగినవానికి కదలుటకు వ్యవధి ఉండదు.

ఇది దివిసీమకు మొదటిసారి వచ్చిన ఆపద కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు పట్టణమును ఉప్పెన ముంచినది. పెద్దపోటు మట్టమునకు 13 అడుగుల ఎత్తున నీరు వచ్చెననియు, సుమారు 30,000మంది చనిపోయిరనియు నాటి లెక్కలు తెలుపుచున్నవి. రేవుపట్టణముగా బందరు మరల పూర్వవైభవమును పొందలేదు. గోదావరి ముఖమున కోరంగిని 1789లోను, 1839లోను ఉప్పెనలు పాడుచేసినవి. కోరంగి తుపాను వృత్తాంతమును పరిశీలించిన కలకత్తావాసి హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడే, పాము చుట్టను తలపించు గ్రీకు మాటనుండి ‘సైక్లోన్’ అను పేరును కల్పించెను. లోకమంతయు నేడు వాడుచున్న ఆ పేరునకు మన తీరపు కష్టముతో ఇట్టి సంబంధము కలదు.

వెలినాటివారికి వాననీటి ముప్పు

విజయవాడ, గుడివాడ ప్రాంతములవారు ఉప్పెన తమవరకు రాదుగదా యని నిశ్చింతగా ఉండరాదు. వారికి శత్రువు వాననీరు. 2024 ఆగస్టు 31 రాత్రి కళింగపట్నము సమీపమున తీరము దాటినది వాయుగుండము మాత్రమే. దానికి తుపాను అను పేరైనను రాలేదు. అయినను దానివలన కురిసిన వానకు బుడమేరు కట్టలు తెగి విజయవాడలోని సింగ్‌నగర్ మొదలగు పేటలు దినములతరబడి నీటిలో ఉన్నవి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీవద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయినది. పేరు చిన్నదైనను నీరు పెద్దది కావచ్చును.

బుడమేరు నీరు కొల్లేరులో చేరును. కొల్లేరు నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రములోనికి పోవలెను. తుపానువేళ సముద్రము ఉబ్బియుండును గనుక ఆ నీరు త్వరగా దిగదు. మన డ్రెయినులలో గుర్రపుడెక్కయు, తూడును పెరిగియున్నచో మరియు ఆలస్యమగును. కావున డ్రెయిను శుభ్రము చేయించుట పంటకు సంబంధించిన పని మాత్రమే కాదు. ప్రాణరక్షణకు సంబంధించిన పని యని మీరు తీర్మానములలో వ్రాసికొనవలెను.

వార్త ఎట్లు వచ్చును?

1864 అక్టోబరు 5న కలకత్తాను, నెల తిరుగకుండ బందరును తుపానులు ధ్వంసము చేసిన తరువాత ఈ దేశమున వాతావరణ పరిశీలన అవసరమని పాలకులు గుర్తించిరి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. 1974లో విశాఖపట్నమున తుపాను హెచ్చరిక కేంద్రము నెలకొన్నది. 1977 ఉప్పెన పిదప మచిలీపట్నమున తుపానులను కనిపెట్టు రాడారు వచ్చినది. ఇప్పుడు అచటి డాప్లర్ రాడారు మేఘములోని గాలి మనవైపు వచ్చుచున్నదో, దూరమునకు పోవుచున్నదో కూడ చెప్పగలదు. ఆకాశమున ఇన్సాట్ ఉపగ్రహములు, సముద్రమున తేలు యంత్రములు, ఓడలనుండి వచ్చు సమాచారము, వీటినన్నిటిని గణించు కంప్యూటర్లు కలిసి తుపాను దారిని నిర్ణయించుచున్నవి. ఉప్పెన ఎత్తును హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రము లెక్కకట్టుచున్నది.

హెచ్చరిక నాలుగు మెట్లుగా వచ్చును. మొదటిది మూడు దినములకు ముందు, అధికారులను సిద్ధపరచునది. రెండవది 48 గంటలకు ముందు, పసుపు రంగుతో. మూడవది 24 గంటలకు ముందు, నారింజ రంగుతో. నాలుగవది 12 గంటలకు ముందు, ఎరుపు రంగుతో. రేవులో ఎగురవేయు సూచికలు కూడ మీరెరిగినవే. ఒకటి, రెండు దూరమున తుపాను ఉన్నదని తెలుపును. మూడు, నాలుగు రేవునకు గాలి భయమును సూచించును. ఐదు, ఆరు, ఏడు ప్రమాదము. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదము. పదునొకండు అనగా హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదని అర్థము.

ఒక మాట మరువరాదు. శాస్త్రజ్ఞులు పటముమీద గీచు గీత దారప్పోగు వంటిది కాదు. అది ఒక వెడల్పైన బాట. 24 గంటల ముందు చెప్పిన స్థానమునకును, తుదకు దాటిన స్థానమునకును కొన్ని పదుల కిలోమీటర్ల వ్యత్యాసము సహజము. ఆ వ్యత్యాసములోనే దివిసీమయంతయు ఇమిడిపోవును.

పదమూడేండ్లలో వచ్చిన మార్పు

1990 మే 9వ తేదీన మరియొక పెను తుపాను కృష్ణా ముఖద్వారపు ప్రాంతముననే తీరము దాటినది. బలమునందు 1977 తుపానునకు చాల తీసిపోయినది కాదు. ఉప్పెనయు వచ్చినది. కాని ఆ పర్యాయము మృతుల సంఖ్య వెయ్యికి లోపు. అదియును దుఃఖకరమే, అయినను పదివేలకును వెయ్యికిని గల భేదము ఎక్కడనుండి వచ్చినది? సముద్రము దయ చూపలేదు. ముందుగా ఐదు లక్షలమందికి పైగా ప్రజలను లోతట్టు గ్రామములనుండి తరలించిరి. తుపాను ఆశ్రయ భవనములు లేచియున్నవి. 1977ను చూచినవారు పిలువగానే కదలిరి.

ఇందు ఆలోచింపవలసిన విషయమొకటి ఉన్నది. నేటి గ్రామములలో 1977ను చూచినవారు తగ్గిపోవుచున్నారు. 1990ను ఎరుగని యువకులు గృహస్థులైనారు. ఆనాడు భయము చేసిన పనిని ఇకమీదట పంచాయతీ చేయవలెను.

‘రాని తుపాను’ను గూర్చి

మీకు ఎదురగు చిక్కు నేనెరుగుదును. 2013 నవంబరులో ‘లెహర్’ అను తుపాను మనమీదికి వచ్చుచున్నదని గొప్ప హెచ్చరికలు వెలువడినవి. అది సముద్రములోనే నీరసించి, 28వ తేదీన మచిలీపట్నము సమీపమున వాయుగుండముగా మాత్రమే దాటినది. ఇట్టిది జరిగినపుడు ‘అనవసరముగా మమ్ము ఇల్లు విడిపించిరి’ అని ఊరివారు సభ్యునిమీద విసుగుకొందురు. మరుసటిసారి పిలిచినపుడు కొందరు కదలరు.

వారికి ఇట్లు చెప్పవలెను. చేనికి కావలి కాచిన రాత్రి పంది రాకపోయినచో కావలి వ్యర్థమైనదని ఏ రైతును అనుకొనడు. ఇల్లు విడిచి ఒక రాత్రి ఆశ్రయభవనములో గడపుటవలన పోవునది ఒక దినపు కూలి. విడువకపోవుటవలన పోగలది ఇంటిల్లిపాది. ఈ లెక్కను తుపాను లేని దినములలో, తీరికగా, గ్రామసభలో చెప్పవలెను. గాలి మొదలైన పిదప చెప్పిన ఎవరికిని వినబడదు.

మరియు జనులు కదలకపోవుటకు మూఢత్వమే కారణమని తలపరాదు. పశువులను ఎవరు చూతురు? సామానులు దొంగలపాలు కావా? వల, పడవ కొట్టుకొనిపోయిన రేపటినుండి బ్రతుకెట్లు? ముసలితల్లిని ఎవరు మోయుదురు? ఈ ప్రశ్నలకు ముందుగా సమాధానము సిద్ధము చేసిన పంచాయతీ మాట ఊరు వినును. సమాధానము లేని పంచాయతీ ఎంత బతిమాలినను ఫలము తక్కువ.

పంచాయతీ చేయవలసిన పనులు

ఋతువునకు ముందు, అనగా మార్చిలోను సెప్టెంబరులోను, ఈ పనులు ముగింపవలెను.

వార్డులవారీగా ఒక పుస్తకము తయారుచేయవలెను. పూరిండ్లు, రేకుల ఇండ్లు ఏవి. నడువలేని వృద్ధులు, వికలాంగులు, రోగులు, నెలలు నిండుచున్న గర్భిణులు ఎవరు. వారిని తీసికొనిపోవు బాధ్యత ఎవరిది అనునవి పేర్లతో వ్రాయవలెను. నెలలు నిండిన స్త్రీలను హెచ్చరిక రాగానే ఆసుపత్రి ఉన్న ఊరికి పంపవలెను.

ఆశ్రయభవనమును తెరచి చూడవలెను. తలుపులు, మరుగుదొడ్లు, నీటితొట్టి, మేడమెట్లు బాగుగా ఉన్నవా? తాళపుచెవి ఎవరివద్ద ఉన్నది? ఒకనివద్దనే ఉండి ఆ రాత్రి అతడు ఊరిలో లేకపోయినచో భవనమున్నను లేనట్లే. కావున తాళపుచెవులు ఇద్దరివద్ద ఉండవలెను. ఆ ఇద్దరి పేర్లు గోడమీద వ్రాయవలెను.

పశువులకు ఎత్తైన మెరకను ముందే నిర్ణయింపవలెను. కరెంటు తీగెలమీద వాలిన కొమ్మలు కొట్టించవలెను. కరకట్టలో బలహీనస్థలములను, పూడిన డ్రెయినులను గుర్తించి అధికారులకు వ్రాయవలెను. మడ అడవిని, సరుగుడు తోపును నరుకనీయరాదు. అవి అలల ఊపును, గాలి ఊపును విరుచు సహజమైన కోటలు.

హెచ్చరిక వచ్చిన తరువాత వేటకు పోయినవారిని వెనుకకు రప్పించవలెను. ఎవరును క్రొత్తగా పోరాదు. పడవలను మెరకకు లాగి కట్టించవలెను. రేడియో, ఫోను, మైకు మూడింటిని వాడవలెను. అన్నియు మూగవోవునపుడు దండోరా వేయించవలెను. వదంతులను నమ్మరాదు. జిల్లా కంట్రోల్ రూమునకు 1077, రాష్ట్ర కేంద్రమునకు 1070, ఏ అత్యవసరమునకైనను 112 అను నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. నారింజ రంగు హెచ్చరిక ఉన్నపుడే, పగటివేళ, గాలి హెచ్చక మునుపే జనులను తరలించవలెను. పశువుల పలుపులు విప్పివేయవలెను; కట్టివేసిన పశువు ఈదలేదు. ప్రతి కుటుంబమును రేషను కార్డు, పట్టాకాగితములు, మందులు, త్రాగునీరు, టార్చిలైటు ఒక సంచిలో పెట్టుకొని రావలెను. వార్డుసభ్యుడు పుస్తకము చేతబట్టి వచ్చినవారి పేర్లకు గుర్తు పెట్టవలెను. గుర్తు పడని పేరున్నచో ఆ ఇంటికి మరల మనిషిని పంపవలెను.

కోసిన వరి పనలమీద ఉన్నచో వెంటనే కుప్ప వేయుట మేలు. వీలు కాక తడిసిన పనలమీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లినచో గింజ మొలకెత్తుట తగ్గునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కోయని చేలలో నీరు పోవుటకు గట్లు తెగగొట్టి బోదెలు తీయవలెను. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున దాటిన ‘మిచాంగ్’ తుపానువేళ మన రైతులకు ఈ అవసరము కలిగినది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురము ప్రాంతమున దాటిన ‘మొంథా’ వేళ మరల కలిగినది.

గాలి వీచుచున్నపుడు ఎవరును బయటికి రారాదు. కన్ను సంగతి ఇదివరకే చెప్పితిని. అధికారులు ప్రకటించువరకు భవనము విడువరాదు.

తుపాను వెడలిన తరువాత తెగిన తీగెను తాకరాదు. నీటితోపాటు పాములు ఇండ్లలో చేరును. చీకటిలో చేయి పెట్టరాదు. బావులకు, తొట్లకు క్లోరిను కలుపక ఆ నీరు త్రాగరాదు. కాచి త్రాగుట శ్రేష్ఠము. చచ్చిన పశువులను ఆలస్యము లేక పూడ్పించవలెను. నష్టపు లెక్కను ఇల్లిల్లు తిరిగి నిజముగా వ్రాయవలెను. కౌలురైతు, కూలివాడు, పడవలేని మత్స్యకారుడు ఈ లెక్కనుండి జారిపోవుట తరచు చూచుచున్నాము. పంచాయతీ సభ్యుడు వారి పక్షమున నిలువకున్న మరెవ్వరు నిలుతురు? ఉప్పునీరు నిలిచిన చేలను మంచినీటితో కడిగి, మట్టి పరీక్ష చేయించి పిమ్మటనే పైరు పెట్టవలెను.

సోదరీ సోదరులారా,

ఉపగ్రహము ఆకాశమున ఉన్నది. రాడారు బందరులో ఉన్నది. కార్యాలయములు విశాఖలోను, ఢిల్లీలోను ఉన్నవి. అచటినుండి బయలుదేరిన వార్త వందల, వేల కిలోమీటర్లు క్షణములో దాటి మీ పంచాయతీ గుమ్మముదాక వచ్చుచున్నది. అచటినుండి కాలువగట్టున ఉన్న చివరి పూరింటిదాక పోవలసిన అర కిలోమీటరు దూరమును యంత్రము దాటలేదు. ఆ ఇంటిలోని ముసలమ్మ రేడియో వినదు, ఫోను చూడదు. తన వార్డుసభ్యుడు వచ్చి ‘అవ్వా, లే, పోదము’ అని చేయి పట్టుకొన్నచో లేచును.

అవనిగడ్డ దగ్గర పులిగడ్డలో 1977 మృతుల జ్ఞాపకార్థము ఒక స్తూపము ఉన్నది. ఆ దారిన పోవునపుడు ఒక క్షణము ఆగుడు. మీ వార్డు పుస్తకములోని పేర్లను తలచుకొనుడు. వానిలో ఒక్కటియు అట్టి స్తూపమునకు ఎక్కకుండునట్లు చూచుట మీ చేతిలోని పని. మీ గ్రామమునకు తిరిగిపోగానే ఆ పుస్తకమును మొదలుపెట్టుడని ప్రార్థించుచున్నాను.